ఆకు మచ్చకు ఇంటిపేరు

జగిత్యాల మామిడి తోటల్లో ఆకు నల్లబడితే రైతు నోట వచ్చే మాట మసి. పొయ్యి మీది కుండకు పట్టినట్టే పడుతుంది కాబట్టి ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ వేలు తడి చేసి ఆ నలుపును రుద్ది చూడండి. ఒక రకం పొరలా లేచి వచ్చేస్తుంది, కింద ఆకు పచ్చగానే ఉంటుంది. తేనెమంచు పురుగు విడిచిన తీపి జిగురు మీద పెరిగిన బూజు అది. దానికి కావలసింది ఆ తీపే, ఆకును అది తినదు. ఇంకో రకం గుండ్రటి చుక్కలుగా, మఖమలు గుడ్డ నూగులా ఉంటుంది, ఎంత రుద్దినా అంత తేలిగ్గా రాదు. దాని పేరు మెలియోలా. ఆకు పైపొర కణాల్లోకి సన్నటి పీల్చుగొట్టాలు దించి అక్కడి సారంతో బతుకుతుంది. మొదటిది పోవాలంటే పురుగును అదుపు చేయాలి. రెండోదానికి పురుగుమందు కొడితే డబ్బు దండగ తప్ప ఫలితం ఉండదు. కంటికి ఒకే నలుపు, నోటికి ఒకే మాట, కానీ జీవులు రెండు, వాటి బతుకుతీరులు రెండు. నేను చెప్పదలచుకున్నది ఇక్కడే మొదలవుతుంది. చెట్టు ఆకు మీది సూక్ష్మ శిలీంధ్రాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి పేరు పెట్టడం పండితుల కాలక్షేపం కాదు, ఆ చెట్టుకు చేసే మొదటి సేవ. ఆ పేరు నిలబడాలంటే దాన్ని మోసిన ఆకు ఒకటి ఎక్కడో భద్రంగా ఉండాలి. పేరు పెట్టే పనికి మన దగ్గర అంతో ఇంతో గౌరవం దక్కుతోంది, ఆకును దాచే పనికి మాత్రం దక్కడం లేదు.

కొత్త జాతి అనగానే ఆ జీవి ఈమధ్యే పుట్టిందనుకుంటాం. అది మన తాతల కన్నా ముందు నుంచీ ఆ చెట్టు మీద ఉండి ఉంటుంది. కొత్తగా జరిగింది ఎవరో దాన్ని చూసి, ఇప్పటిదాకా రాసిపెట్టిన వాటిలో ఇది లేదని రుజువు చేయడం మాత్రమే. లేదని రుజువు చేయడం ఉందని చూపించడం కన్నా కష్టం. ముందు చెట్టును సరిగ్గా గుర్తించాలి. నల్లమద్దిని తెల్లమద్ది అని రాసుకున్నాక మిగతా పని ఎంత శ్రద్ధగా చేసినా తప్పుదారే. తర్వాత ఆ చెట్టు మీద, దాని బంధువుల మీద ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏయే శిలీంధ్రాలు నమోదయ్యాయో వెతకాలి. ఆ తర్వాతే మైక్రోస్కోప్ పని. మచ్చ ఉన్న చోట ఆకును బ్లేడుతో పలుచగా కోసి, గాజుపలక మీద నీలిరంగు ద్రవంలో పెట్టి చూస్తారు. మెలియోలా లాంటి నల్లబూజులకు కేరళలో శిలీంధ్ర శాస్త్రవేత్త వి.బి. హోసగౌడర్ ఒక ఉపాయం వాడారు. మచ్చ మీద రంగులేని గోళ్లరంగు చుక్క వేసి, ఆరనిచ్చి, ఆ పొరను మెల్లగా లేపితే శిలీంధ్రమంతా చెదరకుండా దానికి అంటుకుని వస్తుంది. ఆ కుటుంబానికి ఎనిమిది అంకెల సంకేతం కూడా ఒకటుంది. సిద్ధబీజం పొడవు, వెడల్పు, తంతువుల మీది నూగు తీరు, ఇలా ఒక్కో లక్షణానికి ఒక్కో అంకె. ఇంత కొలత ఎందుకంటే, ఇక్కడ పోలిక మన కళ్లను మోసం చేస్తుంది, అంకె అంత సులువుగా చేయదు.

దగ్గరగా చూడదగ్గ గుర్తు ఒకటుంది. ఆకుమచ్చ తెగుళ్లలో పెద్ద వంశం సెర్కోస్పోరా. ఆకు రంధ్రాల్లోంచి గోధుమరంగు కాడలు గుత్తిగా బయటికి వస్తాయి. ఒక్కో కాడ కొసన సన్నని, పొడవాటి సిద్ధబీజం పెరుగుతుంది, పండగానే రాలిపోతుంది. ఆకు రాలిన చోట కొమ్మకు మచ్చ మిగిలినట్టు, బీజం రాలిన చోట ఆ కాడకూ ఒక మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ దళసరిగా, నల్లగా ఉంటే సెర్కోస్పోరా. ఉండీ లేనట్టు పలుచగా ఉంటే సూడోసెర్కోస్పోరా. మిల్లీమీటరులో నూరో వంతులు కొన్ని మాత్రమే ఉండే కాడ, దాని మీద అంతకన్నా ఎన్నో రెట్లు చిన్న మచ్చ, అది నల్లగా ఉందా లేదా అన్న దాన్ని బట్టి ఆ జీవి ఇంటిపేరు మారిపోతుంది. ఇంటిపేరు అని ఊరికే అనలేదు. శాస్త్రనామంలో వంశం పేరు ముందు వస్తుంది, సొంత పేరు తర్వాత. తెలుగువాళ్లు పేరు రాసుకునే పద్ధతీ అదే కాబట్టి ఈ నామకరణం మనకు పరాయిగా తోచనక్కర్లేదు.

ఆదిలాబాద్ టేకు చూడండి. వానలు వెనకబట్టాక టేకు ఆకు అడుగున పసుపు, నారింజ కలిసిన పొడి కనిపిస్తుంది. వేలికి కుంకుమలా అంటుతుంది. అది తుప్పు తెగులు. ముదురు చెట్టు దాన్ని తట్టుకుంటుంది, నర్సరీలో మొక్క అంతగా తట్టుకోలేదు, ఆకు ముందే రాలుస్తుంది. ఈ పొడిని 1900లో జావా దీవిలో రాసిబోర్‌స్కీ అనే పోలిష్ శాస్త్రవేత్త యురేడో టెక్టోనే అన్నాడు. 1949లో దక్షిణాదిలో టి.ఎస్. రామకృష్ణన్, కె. రామకృష్ణన్ దాని మరో దశను చూసి చాకోనియా అన్నారు. 1973లో ఒలీవియా వంశంలోకి మారింది. ఈ మార్పుల్లో వంశం పేరు రెండుసార్లు మారినా, టేకు చెట్టు నుంచి వచ్చిన టెక్టోనే అన్న సొంత పేరు అలాగే నిలిచింది. మన దగ్గర పెళ్లయిన ఆడపిల్లకు ఇంటిపేరు మారినా పిలుపు మారనట్టే ఇది. మరి ఇన్ని మార్పుల వల్ల ఒరిగింది ఏమిటని అడగవచ్చు. దాదాపు నూరేళ్లు ఈ తుప్పు ఆసియా దాటి పెద్దగా వినిపించలేదు. 2003లో పనామా, కోస్టారికా టేకు తోటల్లో బయటపడింది. అక్కడివాళ్లు ఆ నారింజ పొడిని చూసి ఇది ఏమిటని తలపట్టుకుని కూర్చోలేదు. ఆసియాలో రాసిపెట్టిన వర్ణన, దాచిపెట్టిన ఆకులు ఉన్నాయి కాబట్టి పోల్చుకుని గుర్తించగలిగారు. ఒక ఖండంలో నూరేళ్ల కింద పడిన శ్రమ ఇంకో ఖండంలో తోటను కాపాడే పనికి ఆధారమైంది. ఈ పేర్ల పని మీద నాకు గురి కుదిరింది ఇలాంటి వాటి వల్లే.

దీనికి ఎదురుగా బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఆకు శిలీంధ్రాల చరిత్రలో పేర్లు పుట్టించడం ఒక దశలో జబ్బులా పెరిగింది. ఒక చెట్టు మీద మచ్చ కనిపిస్తే, ఆ చెట్టు మీద ఇదివరకు ఎవరూ రాయలేదు కాబట్టి కొత్త జాతి అనేయడం అలవాటయింది. ఈ అలవాటుతో ఒక్క సెర్కోస్పోరా పేరు కిందే మూడు వేల పైచిలుకు జాతులు పోగుపడ్డాయి. 2003లో శిలీంధ్ర శాస్త్రవేత్తలు క్రౌస్, బ్రౌన్ వాటన్నిటినీ తిరగేసి, సెర్కోస్పోరాగా నిలబడేవి 659 అని తేల్చారు. మరో 281 ఒకే జాతి పరిధిలోకి వస్తాయన్నారు. మిగతావాటిలో చాలా భాగం వేరే వంశాలకు వెళ్లాయి, కొన్ని ఎందులోనూ ఇమడలేదు. అంటే కొత్త జాతి అని అచ్చయిన మాటల్లో చాలా వాటికి కాలం చెల్లింది. పరిశోధన పత్రాల లెక్క కోసం, ఉద్యోగంలో మెట్టు కోసం పేర్లు పుట్టిస్తారన్న అనుమానం ఊరికే రాలేదు. నేను ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను, కానీ దాని నుంచి వేరే సంగతి తీసుకుంటాను. క్రౌస్, బ్రౌన్ ఆ కలుపు ఎలా తీయగలిగారు? తప్పు పేరు పెట్టినవాళ్లు కూడా ఆకు దాచిన చోట దాన్ని తెరిచి మళ్లీ చూడవచ్చు కాబట్టి. అరవై ఏళ్ల కింద ఒకరు తొందరపడి పెట్టిన పేరును ఈరోజు ఇంకొకరు ఆ ఎండిన ఆకు ముక్క మీదే మచ్చను మళ్లీ కొలిచి సరిదిద్దగలుగుతున్నారు. ఆకు లేని పేరును ఒప్పని నిరూపించలేం, తప్పని కూడా నిరూపించలేం. అది జాబితాలో అలా వేలాడుతూ ఉంటుంది. అందుకే శిలీంధ్ర నామకరణ నియమాలు మూల నమూనాను ఒక సంగ్రహాలయంలో ఉంచి తీరాలంటాయి. 2013 నుంచి పేరుకు రిజిస్ట్రేషన్ సంఖ్య కూడా తప్పనిసరి అయింది. దాచిన ఆకు ఉంటే తప్పు కూడా పనికొస్తుంది.

రెండో అభ్యంతరం డీఎన్ఏ వైపు నుంచి వస్తుంది. ఆకు ముక్క నుంచి జన్యువు తీసి చదివిస్తే గంటల్లో తేలే విషయానికి ఇంకా గాజుపలకలు, కొలతలు, ఎండుటాకులు ఎందుకన్నది ప్రశ్న. జన్యువు చదవడం పెద్ద బలమే. దాని వల్ల తేలిన నిజాలు చాలా ఉన్నాయి, 2012లో శిలీంధ్రాలకు ఒక జన్యు భాగాన్ని అధికారిక గుర్తుగా ఎంచుకున్నారు కూడా. అయితే చదివిన అక్షరాలను దేనితో పోల్చాలి? నూరేళ్ల కింద పేరు పెట్టిన వాటిలో అత్యధిక భాగానికి జన్యు సమాచారం లేదు. పోల్చడానికి పాతది దొరక్కపోతే తెచ్చిన ప్రతిదీ కొత్తగానే కనిపిస్తుంది. అప్పుడు చేయగలిగింది ఒకటే, మొదట దొరికిన దేశానికి వెళ్లి, అదే చెట్టు మీద, అదే రూపంలో ఉన్నదాన్ని మళ్లీ సేకరించి ఆ పాత పేరుకు జత చేయడం. ఆ పనికి పాత చీటీ మీద రాసిన ఊరు పేరూ, పాత ఆకు మీది మచ్చా దారి చూపాలి. పైగా మెలియోలాలూ, తుప్పులూ, బూడిద తెగుళ్లూ ప్రయోగశాల గిన్నెలో పెరగవు, బతికున్న ఆకు మీదే బతుకుతాయి. వాటికి ఆ ఆకే గిన్నె, ఆ ఆకే దస్తావేజు. కొన్ని వంశాల్లో ఆ ఒక్క జన్యు భాగమే చదివితే జాతి తేలదు కూడా. అలాంటి వంశం ఒకటి మన వాకిట్లోకే వచ్చింది.

2021లో తెలంగాణలో యాప చెట్లు మాడిపోవడం ఈ నేల మీద అందరూ చూశారు. వానకాలం చివర కొమ్మల కొసలు ఎండి, ఆకులు గోధుమరంగుకు తిరిగి, దూరం నుంచి చూస్తే చెట్టు అగ్గి తగిలినట్టు కనిపించింది. కరీంనగర్, ఆదిలాబాద్ రోడ్ల వెంటా, ఊరి నడుమ గద్దెల దగ్గరా అదే దృశ్యం. బోనానికి యాప మండలు కట్టే జనానికి, ఉగాదికి పువ్వు కోసుకునే జనానికి అది మామూలు చెట్టు జబ్బుగా అనిపించలేదు. వ్యవసాయ శాస్త్రవేత్తలు చిగుళ్లను కుట్టే టీ దోమనూ, ఫోమోప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రాన్నీ చూపించారు. అంత త్వరగా ఆ పేరు పలకగలగడం వెనక 1997 ఉంది. ఆ ఏడాది కర్ణాటకలో ఎం.కె. సతీశ్, ఎస్. శంకర భట్, దేవకి వేప కొమ్మల ఎండు తెగులు నుంచి దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. ఆ రోజుకు అదీ ఒక చిన్న పత్రమే. ఎండిన కొమ్మ మీద నల్లని సూదిమొన చుక్కలు, వాటిలోంచి రెండు రకాల సిద్ధబీజాలు. ఒకటి గింజలా, లోపల రెండు నూనె చుక్కలతో, మిల్లీమీటరులో నూరో వంతును మించనిది. ఇంకొకటి దారంలా, కొస వంగినది, మొలకెత్తడం అరుదు. ఇదంతా రాసిన నాడు దీనివల్ల ఎవరికి లాభమని అడిగి ఉంటే జవాబు చెప్పడం వారికి కష్టమయ్యేది. 24 ఏళ్ల తర్వాత జవాబు మన వీధుల్లో కనిపించింది. శిలీంధ్రమని తెలిసింది కాబట్టి శిలీంధ్రనాశిని సిఫారసు చేశారు, దోమ సంగతి తెలిసింది కాబట్టి దానికీ మందు చెప్పారు. వేసవికి చాలా చెట్లు మళ్లీ చిగురించాయి కూడా, దాంతో జనం కొంత ఊపిరి పీల్చుకున్నారు. అలాగని పేరు జబ్బును నయం చేసిందని నేను అనడం లేదు. అంత ఎత్తు చెట్లకు ఊరంతా మందు కొట్టడం ఎవరి తరమూ కాదు. ఎవరితో పోరాడుతున్నామో తెలియడం మాత్రం ఆ పేరు వల్లే సాధ్యమైంది. ఆ పేరూ స్థిరం కాదు. ఒక శిలీంధ్రానికి ఒకే పేరుండాలని 2011లో మెల్‌బోర్న్ మహాసభ నిర్ణయించాక, 1870 నాటి డయాపోర్తే అన్న పాత వంశనామానికి పైచేయి వచ్చింది, ఫోమోప్సిస్‌లు ఒకటొకటే దాని కిందికి చేరుతున్నాయి. ఇక్కడ కూడా ఇంటిపేరు మారినా చెట్టు పేరు నుంచి వచ్చిన మాట మారదు.

మూడో మాట నాకు ఎక్కువ ఇష్టమైనది, ఎక్కువ న్యాయమైనది కూడా. ఈ తెగుళ్లు అడవిలో బతికేవాళ్లకు ముందే తెలుసు కదా, కొత్తగా కనుక్కోవడమేమిటని. తునికాకు కోసే ఆడవాళ్లను తలుచుకోండి. ఏప్రిల్, మే ఎండలో ఆకు ఆకుకూ చూసి, మచ్చ ఉన్నదాన్నీ, బుడిపెలు లేచినదాన్నీ, చిల్లు పడ్డదాన్నీ పక్కన పడేసి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కళ్లానికి చేరుస్తారు. వెయ్యి కట్టలైతే ఒక బ్యాగు, అంటే యాభై వేల ఆకులు ఒక్కొక్కటిగా ఎవరో ఒకరి కంటి కింది నుంచి పోయినట్టు. ఏ విశ్వవిద్యాలయ సర్వేలోనూ ఇన్ని ఆకులు ఇంత దగ్గరగా చూడరు. వాళ్ల చూపును నేను ఏ శాస్త్రానికీ తక్కువ చేయను. కానీ వాళ్ల చూపు అడిగే ప్రశ్న వేరు, ఈ ఆకు బీడీకి పనికొస్తుందా లేదా అన్నది. తునికాకు బుడిపెలు చిన్న పురుగు వల్ల వస్తాయి, శిలీంధ్రం వల్ల కాదు. కానుగ ఆకు మీది గడ్డలు కంటికి ఆనని నల్లి చేసే పని. కళ్లం దగ్గర ఇవన్నీ పనికిరాని ఆకులే, అక్కడికి అది చాలు. ఏది ఎందుకు వచ్చిందో, వచ్చే ఏడు పెరుగుతుందో తగ్గుతుందో చెప్పాలంటే ఆ పారేసిన ఆకుల కుప్ప దగ్గర ఒక మైక్రోస్కోప్ కూర్చోవాలి. నా దృష్టిలో ఈ ప్రాంతంలో కొత్త జాతి దొరికే చోటు ఏదైనా ఉందంటే అది దట్టమైన అడవి మధ్య కన్నా ఆ కుప్పలోనే.

దొరికేవి ఉన్నాయా అన్నది సహజంగా వచ్చే సందేహం. శిలీంధ్రాలంటే పడమటి కనుమలు, నిత్యం తడిగా ఉండే అడవులు అన్న అభిప్రాయం బలంగా ఉంది. గోదావరి, ప్రాణహితల నడుమ ఉన్నది ఎండకు ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి టేకు, ఇప్ప, నల్లమద్ది బోడి కొమ్మలతో నిలబడతాయి. కానీ ఇదే ఇక్కడి శిలీంధ్రానికి ప్రత్యేకమైన బతుకునిచ్చిందని నేననుకుంటాను. జూన్ వానకు కొత్త ఆకు మీద వాలి, మాఘం లోపల తన తరాన్ని ముగించుకుని, రాలిన ఆకులోనో మొగ్గలోనో ఎండాకాలం దాటాలి. ఏడాది పొడవునా ఆకు దొరికే చోట ఉండే జీవికి ఈ గండం లేదు. ఇక లెక్కల సంగతి. 1991లో హాక్స్‌వర్త్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త, బ్రిటన్‌లో ఒక్కో మొక్క జాతికి ఆరు శిలీంధ్ర జాతులున్నాయన్న నిష్పత్తి మీద ప్రపంచంలో 15 లక్షల శిలీంధ్రాలుంటాయని అంచనా వేశాడు. 2017లో ఆయనే ల్యూకింగ్‌తో కలిసి ఆ సంఖ్యను 22 నుంచి 38 లక్షలకు పెంచాడు. పేరు పెట్టినవి లక్షన్నర దాకా. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. మనోహరాచారి ఇతరులతో కలిసి 2005లో రాసిన సమీక్ష ప్రకారం భారతదేశంలో నమోదైనవి 27 వేలకు పైన. బ్రిటన్ నిష్పత్తి ఆదిలాబాద్‌కు అలాగే వర్తిస్తుందని నేను పందెం కట్టను. సగమే నిజమైనా, కవ్వాల్ అడవిలోని ఒక్కో చెట్టు జాతికి మూడు చొప్పున లెక్కేసినా, రాయవలసినవి చాలా మిగిలి ఉంటాయి.

అందుకే చివరకు మాట ఆకును దాచడం దగ్గరికే వస్తుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు. మచ్చ ఉన్న ఆకులను నాలుగైదు పాత పేపర్ల మధ్య ఒత్తి, తడి ఆరేదాకా రోజూ పేపర్లు మార్చి, మడత కవరులో పెట్టి, పురుగు పట్టకుండా చూస్తే నూరేళ్లు నిలుస్తుంది. 1905లో శిలీంధ్ర శాస్త్రవేత్త బట్లర్ బిహార్‌లోని పూసాలో మొదలుపెట్టిన ఇలాంటి సేకరణే నేడు ఢిల్లీలో దేశపు శిలీంధ్ర భాండాగారమైంది. పుణెలోని అఘార్కర్ సంస్థలో మరొకటి ఉంది. ఆకు ముక్క ఒకటి అక్కడికి పంపి, ఇంకొకటి పుట్టిన చోట ఉంచుకోవాలి. ఆ కవరు మీద రాసే నాలుగు మాటలు ఆకు అంత ముఖ్యం. ఆదిలాబాద్ జిల్లా అని మాత్రమే రాసిన పాత చీటీ ఏదైనా ఈరోజు తెరిస్తే దారి తప్పుతాం. 2016 అక్టోబరులో ఆ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అని నాలుగైంది. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడిపోయాయి. పాత జిల్లా పేరు ఒక్కటే పట్టుకుని అదే చెట్టు దగ్గరికి, అదే శిలీంధ్రం కోసం మళ్లీ వెళ్లగలిగేవారు ఎవరూ ఉండరు. జిల్లాల గీతలు మళ్లీ మారవచ్చు, వాగులూ గుట్టలూ ఊళ్లూ అంత త్వరగా మారవు. శాతవాహన విశ్వవిద్యాలయం కింద ఉన్న కళాశాలల్లో, ఆదిలాబాద్ డిగ్రీ కళాశాలల్లో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులకు నా విన్నపం ఇదే. ఈ వానాకాలం పిల్లలతో ఒక్కో చెట్టు నుంచి మచ్చపడ్డ ఆకులు నాలుగు కోయించండి. కొత్త జాతా పాతదా అన్నది తర్వాత తేల్చవచ్చు. కవరు మీద మాత్రం చెట్టు పేరు, ఊరు పేరు, దగ్గరి వాగో గుట్టో, కోసిన తేదీ, కోసినవారి పేరు తప్పకుండా రాయించండి.